కెమీలియాకు కాపలా కాసిన ఫర్నేసు ఉస్తాదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా ఎక్కడ పని అని అడిగితే "స్టీలు ప్లాంటు" అనేవాణ్ని. అందులో అబద్ధమేమీ లేదు, జీతం అక్కడిదే. "ఏ షాపు?" అని, అంటే ప్లాంటులో ఏ విభాగమని, రెండో ప్రశ్న వేస్తే మాత్రం గొంతు దానంతటదే తగ్గిపోయేది. "తోటల విభాగం" అనగానే అవతలి మనిషి "ఓహో" అనేవాడు. ఆ "ఓహో" బరువు ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ రోజుల్లో భిలాయిలో మనిషి విలువ అతను వేడికి ఎంత దగ్గరగా పనిచేస్తాడన్నదాన్ని బట్టి ఉండేది. ఫర్నేసు ముందు నిలబడేవాళ్ళది మొదటి వరస. రోలింగు మిల్లు వాళ్ళు ఆ తర్వాత. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాళ్ళకి ఎదురుగా నమస్కారం పెట్టి, వెనక నవ్వుకునేవాళ్ళు. టౌన్‌షిప్పులో మొక్కలకు నీళ్ళు పోయించే నాలాంటి సూపర్‌వైజరయితే అసలు లెక్కలోకే రాడు.

నాకు దాని గురించి పెద్ద దిగులుండేది కాదు. పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాణ్ని, చెట్ల మధ్య పని దొరికిందని లోలోపల సంతోషంగానే ఉండేది. ఇప్పుడు రిటైరై భిలాయిలోనే, కోహ్కాలో సొంత ఇంట్లో ఉంటున్నాను. మేడ మీద కుండీలున్నాయి. ఫోనులో బొమ్మ చూసి ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించుకుని, అవి వాడిపోయాక పట్టుకొస్తారు మా వీధి పిల్లలు. "అంకుల్, యే క్యోం మర్ రహా హై?" అని అడుగుతారు, ఇదెందుకు చచ్చిపోతోందని. వాళ్ళవి తెలుగు ఇళ్ళే, అయినా మాట మాత్రం హిందీలోనే వస్తుంది. వాళ్ళని నేను మొదట అడిగేది ఒకటే: కుండీ అడుగున ఏం వేశారు? ఆ ప్రశ్న నాకెలా అలవాటైందో చెప్పాలంటే, తొంభైల మధ్యలో మా నర్సరీకి వచ్చిన కెమీలియాల గురించీ, వాటిని కనిపెట్టుకుని ఉన్న ఒక మనిషి గురించీ చెప్పాలి.

చలి ప్రదేశాల నుంచి వచ్చిన సుకుమారపు మొక్కల్ని మేము మేంసాబ్ మొక్కలు అనేవాళ్ళం. ఫ్యూషియాలు, అజేలియాలు, హైడ్రేంజియాలు. పెద్ద అధికారుల ఇళ్ళవాళ్ళు సెలవులకు కొండ ఊళ్ళు వెళ్ళి, ముచ్చటపడి కారులో పెట్టుకుని తెచ్చేవారు. మార్చి దాటి మన ఎండ మొదలయ్యేసరికి అవి ఒక్కొక్కటే మా నర్సరీకి చేరేవి, రోగిని ఆసుపత్రికి తెచ్చినట్టు. చుట్టూ వట్టివేళ్ళ తడకలు కట్టి తడిపేవాళ్ళం. కుండీని ఇంకో పెద్ద కుండీలో దించి, మధ్యలో ఇసుక పోసి, ఆ ఇసుకని తడిపేవాళ్ళం. ఏం చేసినా సగానికి పైగా పోయేవి. పోయినవాటి కుండీల్లో ఎర్ర మందారం నాటి వెనక్కి పంపేసేవాళ్ళం. మొక్క మారిందని చాలామంది గుర్తుపట్టేవారు కూడా కాదు.

అలాంటి చోటికి ఒక కొత్త అధికారిణి వచ్చింది. బెంగాలీ అమ్మాయి, వ్యవసాయం చదువుకుంది, పుట్టిల్లు డార్జిలింగ్ కొండల దిగువన తేయాకు తోటల పక్కన. అందరం మేడమ్ అనేవాళ్ళం. ఆమె ఓసారి పుట్టింటికి వెళ్ళి వస్తూ ఆరు కెమీలియా మొక్కల్ని రైల్లో తన బెర్తు కింద పెట్టుకుని తెచ్చింది. కెమీలియా తేయాకు మొక్కకు చెల్లెలి వరస. ఆకు దళసరిగా, నూనె రాసినట్టు ఉంటుంది. వానాకాలానికి మొగ్గ కట్టి చలికాలంలో పూస్తుంది. ఎండ తగిలితే ఆకు మాడుతుంది, వేరు ఎండితే మొగ్గ రాలుతుంది, మొగ్గ మీద ఉన్నప్పుడు కుండీ జరిపినా రాలుతుంది. ఇంత కోపిష్టి మొక్కని మా ఊళ్ళో పూయిస్తానని ఆమె పైవాళ్ళ దగ్గర అనేసింది. ఏది ఏ రంగో ఆమెకీ తెలియదు. అమ్మినవాడు అన్నీ కలిపి కట్టాడట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా దగ్గరకు లైట్ డ్యూటీ మీద ఒకాయన వచ్చాడు. లోపల ఒంటికి దెబ్బ తగిలినవాళ్ళనీ, జబ్బు చేసినవాళ్ళనీ తేలిక పనికి పంపడం ప్లాంటులో పద్ధతి. ఆ తేలిక పని అన్నది చాలాసార్లు మా నర్సరీయే. ఈయన టెక్కలి వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు. ఉక్కు కరిగించే షాపులో ఒక ఫర్నేసుకి పెద్ద దిక్కు, అందరూ ఉస్తాద్ అనేవారు. ఏళ్ళ తరబడి మంటలోకి చూసి చూసి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయింది. మందపాటి అద్దాలు పెట్టారు. చలికాలంలో మెడికల్ బోర్డు మళ్ళీ పరీక్ష చేస్తుంది. ఫిట్ అంటే తన ఫర్నేసు తనకి దక్కుతుంది. కాదంటే రిటైరయ్యేదాకా మాలీ హోదాలో మా దగ్గరే.

మొదటి రోజు ఆయన నెత్తి మీద హెల్మెట్‌తో, కాళ్ళకి ఇనుప ముక్కు బూట్లతో వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ఏటి బావూ, నానేటి సెయ్యాల?"

"ముందు కూర్చోండి అన్నా. టీ వస్తుంది."

"కూకోడానికి ఒచ్చినానేటి? డ్యూటీ సెప్పండి."

మా నర్సరీకి షిఫ్టులు లేవు, ఎనిమిది దాటాక మెల్లగా మొదలయ్యేది. ఆయన మాత్రం పొద్దున్నే సైరన్ వేళకి రిసాలి క్వార్టరు నుంచి ఫర్నేసుకి వెళ్ళే సైకిళ్ళ గుంపులోనే బయల్దేరేవాడు. మలుపు దగ్గర అందరూ తిన్నగా పోతే తను ఒక్కడూ మా వైపు తిరిగేవాడు. ఆ మలుపు దాకా ఆయన ఫర్నేసు మనిషే. ఇంట్లో ఆవిడ చుట్టుపక్కల వాళ్ళకి స్పెషల్ డ్యూటీ పడిందని చెప్పిందట. స్పెషల్ డ్యూటీ అంటే ఏమిటో ఎవరూ అడగలేదు.

ఆయన చేతికి కెమీలియాలు అప్పగించింది మేడమే. "దాదా, ఇవి వేడికి తట్టుకోలేవు. వేడి గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు" అంది హిందీలో. ఆ మాట ఆయనకి నచ్చింది. అవి ఉంచిన నీడపందిరిని ఫర్నేసు షాపులా మార్చేశాడు. కుండీలకి నెంబర్లు పెట్టాడు. తను ఇంటికి వెళ్ళే ముందు, ఆఖరున వెళ్ళే మాలీ దీదీకి ఏ కుండీ ఎలా ఉందో నిలబెట్టి ఒప్పజెప్పేవాడు. ఫర్నేసు దగ్గర షిఫ్టు మారేటప్పుడు అలాగే ఒప్పజెబుతారట. ఆవిడది పక్క పల్లెటూరు, ఛత్తీస్‌గఢీ తప్ప వేరే మాట రాదు. ఆయన చెప్పేది సగం తెలుగు. ఇద్దరూ గంభీరంగా తలలు ఊపుకునేవారు.

మంటలోకి చూడ్డానికి వాడే నీలం అద్దం ఒకటి ఆయన జేబులో ఉండేది. మధ్యాహ్నం పూట దానిలోంచి సూర్యుణ్ణి చూసి, "ఇయ్యాల బాగా కాగినాడు, ఇంకో తడక ఎయ్యాల" అనేవాడు. టీ తాగేటప్పుడు ఫర్నేసు కబుర్లు చెప్పేవాడు. ఎన్ని మీటర్లు పెట్టినా ఆఖరి మాట ఉస్తాదు కంటిదేనట. కరిగిన ఉక్కు రంగు చూసి, ఇక తెరవచ్చని ఆయన చెయ్యి ఊపితేనే కింద మనుషులు తెరిచేవారు.

"తెలుపంటే ఒకటే తెలుపనుకుంటన్నారేటి? తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో మీకు తెల్దు బావూ" అనేవాడు. నిజమే, నాకు తెలియదు. నాకు మల్లెపువ్వు తెలుపొకటీ సున్నం తెలుపొకటీ తెలుసు.

ఆ వేసవి ఆరు మొక్కలూ దాటేశాయి. మా నర్సరీలో అది అంతకు ముందు జరగలేదు. జూన్‌లో మేడమ్ పురుటికి పుట్టింటికి వెళ్ళింది. వెళ్తూ, "ఆకు రంగు చూస్తూ ఉండండి దాదా. దానికి ఏ బాధ వచ్చినా ముందు ఆకు చెబుతుంది" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వానలు గట్టిగా పట్టాయి. నేను పగలంతా దీదీతో సహా మాలీలందర్నీ తీసుకుని రోడ్ల పక్క మొక్కలు నాటించే పనిలో ఉండేవాణ్ని. నర్సరీలో కుండీల్లో నీళ్ళు నిలవడం మొదలైంది. అడుగున వేసిన ఇటుక ముక్కలు నాని మెత్తబడి కన్నాలు మూసుకుపోయాయి. ఆయన ఊరుకోలేదు. నర్సరీ వెనక బాటలకి పోయడానికి తెచ్చిన స్లాగు కుప్ప ఉండేది. స్లాగంటే ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే చిట్టెం, చల్లారాక గరుకు ఇసుకలా ఉంటుంది. దాన్ని జల్లించి, నాలుగు నీళ్ళలో కడిగి, ప్రతి కెమీలియానీ మట్టిగడ్డతో సహా పైకి లేపి, అడుగున స్లాగు పోసి, పైన కూడా కలుపు రాకుండా ఓ పొర పరిచాడు. నీళ్ళు బుడుంగున దిగిపోయాయి. అందరం చూసి భేష్ అన్నాం. భిలాయిలో స్లాగు వాడని చోటేది? మా రోడ్ల కింద అదే, గోడల్లో అదే, సిమెంటులో అదే. ఇంకో ఊరివాడైతే చేతికి దొరికిన గులకరాళ్ళు వేసి ఉండేవాడు. మాకు అది మా ఊరి పంట. అందులో విషం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

సాయంత్రం బురద కాళ్ళతో వచ్చి అడిగేవాణ్ని. "ఎలా ఉన్నాయి అన్నా మీ ఆరుగురూ?"

"పచ్చగున్నాయి బావూ. ఒక్క ఆకు తేడా లేదు."

చీకటి పడే వేళ, నేను పందిరి దాకా వెళ్ళకుండానే తల ఊపి ఇంటికి పోయేవాణ్ని.

మేడమ్ తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బ్యాగు కూడా దించకుండా పందిట్లోకి వెళ్ళింది. తర్వాత ఆమె గొంతు వినిపించింది. "యే కిస్‌నే డాలా?"

నేను వెళ్ళి చూసేసరికి ఆమె కుండీ పైన ఉన్న స్లాగుని వేళ్ళతో గీకుతోంది. మొక్కల ఆకులన్నీ పసుపు. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మధ్య భాగమంతా పాలిపోయింది. మూడు మొక్కలకి చెయ్యి తగిలితే చాలు, ఆకు రాలిపోతోంది; వారం తిరక్కుండా అవి కట్టెలైపోయాయి.

"నానే ఏసినాను" అన్నాడు ఆయన.

ఆమె అరవలేదు. నేల మీద కూర్చుని, అలిసిపోయిన గొంతుతో చెప్పింది. స్లాగులో సున్నం ఉంటుంది. ఇది తేయాకు జాతి, పుల్లటి మట్టి కావాలి. సున్నం తగిలితే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. "ఇంత ఇనుము పండించే ఊళ్ళో ఇవి ఇనుము అందక చచ్చిపోతున్నాయి" అంది. ఇంకో సందర్భంలో అయితే నేను నవ్వి ఉండేవాణ్ని.

స్లాగు సంగతి ఎవరికీ తెలియదు, దానికి ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కానీ ఆకులు పసుపెక్కడం నెలల పని. అన్నాళ్ళూ పచ్చగున్నాయని ఎలా చెప్పాడు? మాలీలు గుసగుసలాడుకున్నారు. ఎలాగూ ఫర్నేసుకి తిరిగి పోయేవాడికి మొక్కలేమైతే ఏమిటి, అందుకే అబద్ధం చెప్పాడన్నారు. నాకూ వేరే కారణం తోచలేదు. ఆయన ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. చచ్చిన మొక్కల్ని తనే పీకి, కుండీలు కడిగి బోర్లించాడు. ఆ తర్వాత నాతో అన్నాడు:

"షాపులో ఓ హీటు, అంటే ఓ వాయి ఉక్కు, పాడయిపోతే తిడతారు బావూ, గానీ ఆ ఉక్కుని మళ్ళీ ఫర్నేసులో ఏసీసి కరిగిస్తే ఉక్కయిపోతాది. నా సర్వీసులో అలాగ శానా సూసినాను. ఇది మళ్ళీ అవదు గదా."

ఆ ముఖం చూస్తే అబద్ధం ఆడిన మనిషిలా లేడు. అదే నాకు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి మిగిలిన మొక్కల్ని బతికించడం ఒక్కటే పని. స్లాగంతా తీసేసి, డ్రమ్ముల్లో పట్టిన వాననీళ్ళతో మట్టిని కడిగి, అన్నభేది కలిపిన నీళ్ళు పోశాం. అన్నభేది అంటే ఇనుము ఉప్పే, కొట్లో దొరుకుతుంది. ఇంకో మొక్క పోయింది. రెండు నిలిచాయి. వాటిలో ఒక్కటే మొగ్గలు తొడిగింది, చివరికి ఆ మొగ్గల్లోనూ ఒకటి మిగిలింది. ఆయన దాన్ని కనిపెట్టుకున్నట్టు ఎవరూ కన్నబిడ్డని కూడా కనిపెట్టుకోరు. మాలీలు ఆ మొగ్గ ఏ రంగు పూస్తుందో అని పందేలు వేసుకునేవారు. ఎరుపని కొందరు, తెలుపని కొందరు. మేడమ్ మాత్రం గులాబీ రంగు కావాలంది, వాళ్ళమ్మగారి పెరట్లోది అదేనట.

చలి ముదిరింది. మెడికల్ బోర్డు దగ్గరపడింది. ఆయన నీళ్ళు పోస్తూ ఏవో అంకెలు గొణుక్కోవడం వినిపించేది. మొదట్లో మట్కా జూదం నెంబర్లేమో అనుకున్నాను. అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు. కంటి డాక్టరు దగ్గర రంగుల చుక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. చుక్కల మధ్య దాగి ఉన్న అంకె చదవాలి. ఏ పేజీలో ఏ అంకె ఉంటుందో షాపులో అందరికీ కంఠతా వచ్చు, ఒకరికొకరు నేర్పుకుంటారు.

"మీకు కనబడవా ఏమిటి?" అన్నాను.

"ఆ సుక్కలెవలికి కనబడతాయి బావూ? అది డాక్టర్ల తమాసా. ఫర్నేసులో రంగు ఏరే. అది నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తాది."

అందులో తప్పేమీ కనిపించలేదు నాకు. ఆయన ఆ బోర్డు దాటాలని నేనూ మనసులో కోరుకున్నాను. ఒక మనిషి ఏ పని వల్ల మనిషో ఆ పని అతనికి దక్కాలి కదా.

బోర్డు రోజు పొద్దున్న నేను వచ్చేసరికి ఆయన గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"పూసింది బావూ. ఆసుపత్రికి పోతా ఓపాలి సూసి పోదామనొస్తే పూసింది. పాలలాగ, తెల్లగా."

ఇద్దరం పందిట్లోకి వెళ్ళాం. అరచేయంత పువ్వు, రేకు మీద రేకు, ఎవరో కూర్చుని అమర్చినట్టు ఉంది. రంగు లేత గులాబి. అటూ ఇటూ కాని రంగు కాదు, ఎవరు చూసినా గులాబి అనే గులాబి. ఈయన ఇంకేదైనా పువ్వు గురించి చెప్పాడేమోనని చుట్టూ చూశాను కూడా.

అంతలో మేడమ్ వచ్చింది. చూస్తూనే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "గులాబీ! మా అమ్మ పెరట్లోదే దాదా, అచ్చం అదే."

ఆయన నవ్వాడు. "మేడమ్ మజాక్ సేస్తన్నారు" అని నా వైపు తిరిగాడు. నేను నవ్వకపోవడం చూసి, "ఏటి బావూ?" అన్నాడు.

ఒక్క మాటతో పోయేది. "తెలుపే అన్నా" అంటే సరిపోయేది. ఆయన ఆసుపత్రికి వెళ్ళి అంకెలు అప్పజెప్పి వచ్చేవాడు, నా సొమ్మేం పోదు. ఆయన మీద ఎంత ఇష్టం ఉందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. కానీ అంత సూటిగా అడిగిన మనిషికి ఆ మాట చెప్పడానికి నాలుక తిరగలేదు.

"గులాబి అన్నా. లేతది. తెలుపు కాదు."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. వంగి చూశాడు. అవతల గడ్డి పీకుతున్న మాలీ దీదీని పిలిచి అడిగాడు. "దీదీ, యే ఫూల్ కా రంగ్ క్యా హై?"

"గులాబీ హే గా భయ్యా" అంది ఆవిడ. మేమెందుకు అలా నిలబడ్డామో తెలియక అందరి ముఖాలూ చూసింది.

చాలాసేపు కుండీ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత అడిగిన మాట నేను అనుకున్నది కాదు.

"ఆనల్లో ఆకులు... అయి నిజంగానే పసుపయిపోనాయా?"

"అవునన్నా."

"నాకు పచ్చగానే కనబడ్డాయి బావూ. నాను అబద్దం ఆడలేదు."

"తెలుసు."

"అప్పుడు తెల్దు మీకు."

"ఇప్పుడు తెలుసు."

తల ఊపి, సైకిలు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. మేడమ్ నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది, డాక్టరుకి మనం ఫోను చేసి చెప్పాలేమో, ఆయనకి ఆ పుస్తకం కంఠతా వచ్చని మీరే చెప్పారు కదా అని. నేను వద్దన్నాను. చెప్పడమో మానడమో ఆయన చేతిలోనే ఉండనిద్దామన్నాను. ఆమె కూడా ఒప్పుకుంది కానీ, ఆ పూట ఇద్దరం ఏ పనీ చెయ్యలేదు.

మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, నా పక్కన కూర్చున్నాడు. మా దగ్గరకు వచ్చాక నేను చెప్పకుండా ఆయన కూర్చోవడం అదే మొదలు.

"అంకెలన్నీ సెప్పీసినాను. ఒక్కటీ తప్పలేదు. పాసనీసినాడు డాక్టరు. ఫిట్టని రాసీసినాడు కూడా."

"మరి?"

"రాసినాక సెప్పినాను. సార్, ఇయన్నీ బట్టీ పట్టినవి, పొద్దున్న గులాబి పువ్వుని తెలుపన్నాను అనీసి."

డాక్టరు విసుక్కున్నాడట, కాగితం పాడైందని. తర్వాత వేరే గదిలో కూర్చోబెట్టి రంగు దీపాలతో చూశారట. రంగులు ఆయనకి సరిగ్గా తెలియడం లేదని తేలిపోయింది.

"ఎందుకు చెప్పారన్నా?" అన్నాను. అడగకూడని ప్రశ్నే, కానీ అడిగాను.

ఆయన కోపగించుకోలేదు. "నాను సెయ్యి ఊపితే కింద మనుసులు ఫర్నేసు తెరుస్తారు బావూ. రంగు సరిగ్గా సూసినానో లేదో ఆళ్ళకి తెల్దు. ఆళ్ళు నా సెయ్యే సూస్తారు. ఆకులు పచ్చగున్నాయనంటే మీరు నమ్మీసినారు గదా, అలాగే."

కుళాయి వైపు చూస్తూ, "ఇంటికాడ ఏటి సెప్పాలో తెలీట్లేదు" అన్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన చూడకుండా తుడుచుకోవాల్సిన అవసరం కూడా లేదనిపించి తుడుచుకోలేదు.

ఆయన రిటైరయ్యేదాకా మా నర్సరీలోనే ఉన్నాడు. కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు, తర్వాత మెల్లగా సర్దుకున్నాడు. పొద్దున్న సైకిళ్ళ గుంపులో రావడం మానేసి, ఎనిమిదింటికి అందరితో పాటు వచ్చేవాడు. మేడమ్ ఆ కెమీలియాని పూల ప్రదర్శనకి పంపలేదు, జరిపితే పువ్వు రాలుతుందని. చూడాలనుకున్నవాళ్ళనే నర్సరీకి రమ్మంది. వచ్చినవాళ్ళు కొద్దిమందే. బహుమతి ఎవరిదో చామంతికి వచ్చింది. ఆ తర్వాత ఏ మొక్కకి ఏ ఆకు తేడా చేసినా ఆయన నన్నో దీదీనో పిలిచి చూపించి, "ఇదేటి రంగు?" అని అడిగేవాడు. అడగడానికి సిగ్గుపడేవాడు కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలియని సంగతిని తెలియదని అడగడానికి నేనెన్నిసార్లు వెనకాడానో లెక్కలేదు. ఆయన్ని చూసి కొంత నేర్చుకున్నాను, కొంత ఇప్పటికీ రాలేదు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ బోర్డు రోజు సాయంత్రం. ఇంటికి వెళ్ళే ముందు ఆయన మళ్ళీ పందిట్లోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. పువ్వు ఎదుట నిలబడి, "ఎలాంటి గులాబి బావూ? సెప్పండి" అన్నాడు.

రంగు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తామరపువ్వు అన్నాను. అది ముదురు గదా అన్నాడు. పాలలో రోజ్ షర్బత్ చుక్క కలిపితే వచ్చే రంగు అన్నాను. ఆయనకి పట్టుబడలేదు. ఆయనకొక్కతే కూతురు, టౌన్‌షిప్పు ఆసుపత్రిలోనే పుట్టింది, అప్పటికి కాలేజీలో చదువుతోంది. అది గుర్తొచ్చి అన్నాను:

"మీ అమ్మాయి పుట్టిన రోజు గుర్తుందా అన్నా? పసిపిల్ల అరికాలు ఎలా ఉంటుంది? ఆ రంగు."

ఆయన పువ్వుకి ముఖం ఆనేంత దగ్గరగా వంగాడు. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూశాడు. తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచాడు.

"రాత్రి బి షిఫ్టు దిగి తిన్నగా ఆసుపత్రికి ఎల్లినాను. మా గుంట కాళ్ళు గుడ్డలోంచి బయటికున్నాయి" అన్నాడు. "ఇక్కడ కనబడ్డం లేదు గానీ బావూ, అది గుర్తున్నాది."

తర్వాత నీళ్ళ డబ్బా అందుకుని పక్క కుండీ దగ్గరకు వెళ్ళాడు.